గంట ఆగితే అది ఉపవాసమా? పరగడుపు, ఒక్కపొద్దు, పస్తు గురించి

గుణుపురం నుంచి:
మేం కతోలిక క్రైస్తవులం, మా ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మేనకోడలు ఈ ఏడు మొదటి సత్ప్రసాదానికి, అంటే గుడిలో ఆదివారం పూజలో ఇచ్చే అప్పం మొదటిసారి తీసుకోవడానికి, తయారవుతోంది, నిన్న జ్ఞానోపదేశం క్లాసు నుంచి వచ్చి మావయ్యా సత్ప్రసాదం లోకొనే ముందు గంట ఉపవాసం ఉండాలంట, గంటకి ఉపవాసమేటి, పక్కింటి పిన్ని కార్తీక సోమవారం రోజంతా ఉంటాది కదా అని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు.

మా మామ్మ దీన్ని ఎప్పుడూ ఉపవాసం అనలేదు. ఆవిడ మాట పరగడుపు. పూజకి పరగడుపునే రావాల్రా అనేది. శనివారం రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ ఆదివారం పూజ అయ్యి ఇంటికొచ్చి చద్దన్నం ముందు కూర్చునేదాకా ఏమీ లేదు, పళ్ళు తోముకుంటే నీళ్ళు లోపలికి పోతాయేమోనని కూడా భయపడేది. ఆవిడ చిన్నప్పుడు నియమం నిజంగా అదే, అర్ధరాత్రి దాటితే మంచినీళ్ళు కూడా కూడదు. దానికి పరగడుపు కన్నా సరిపోయే మాట నాకు కనపడదు, నిద్ర లేచాక ఇంకా ఏమీ పడని కడుపు. ఇప్పుడు గంటే కాబట్టి ఆ మాట పనికిరాదు, ఉపవాసం అంటే పిల్లకి ఎక్కట్లేదు. మీ దగ్గర ఏమంటారు?

రాయగడ నుంచి:
పరగడుపు మాట ఎక్కడ తప్పిందో చెప్తానండి. 1953లో 12వ పయస్ పోపు గారు మంచినీళ్ళు తాగితే నియమం చెడదన్నారు, సాయంత్రం పూజలకీ వీలిచ్చారు. మధ్యాహ్నం భోంచేసి సాయంత్రం పూజకొచ్చే మనిషి పరగడుపున ఎలా ఉంటాడు? అందుకే లెక్క గంటల్లోకి మారింది. 1957లో తిండికి 3 గంటలు, మద్యం కాక మిగతా తాగేవాటికి గంట అన్నారు, 1964 నవంబరులో 6వ పౌలు గారు అన్నిటికీ కలిపి 1 గంట చేశారు. ఆ గంట కూడా సత్ప్రసాదం లోకొనే వేళకి లెక్క, పూజ మొదలుకి కాదు, ఇది చాలామంది పొరపాటు పడతారు.

సిరొంచ నుంచి:
మా దిక్కు అన్నిటికీ ఒక్కపొద్దే అంటరు. మరాఠీ వాళ్ళు ఉపాస్ అని సాబుదానా కిచిడి తింటరు, కాబట్టి ఉపవాసం అనంగనే కడుపు ఖాళీ అని మాకు తోచదు.

పర్లాకిమిడి నుంచి:
బాబూ, ఒక్కపొద్దు మాత్రం దీనికి వాడకండి. మాకది ఈస్టరు ముందు తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారానికీ, గుడ్ ఫ్రైడే అనే పవిత్ర శుక్రవారానికీ, ఒక్కపూట కడుపునిండా తిని మిగతా రెండుసార్లూ కాస్త కాస్త సరిపెట్టుకుంటాం. పస్తు అసలే వద్దు, పస్తు అంటే ఇంట్లో లేక ఉండడం, కావాలని ఉండేది కాదు. ఒడియాలో ఉపాస అంటే రెండిటికీ చెల్లుతుంది గాని మనకి వేరువేరు మాటలున్నాయి, వాటిని కలిపేస్తే బాధగా ఉంటుంది. ఈ గంటకి మా అమ్మ నోరు కట్టుకోవడం అనేది. పూజకి టైమయ్యింది, ఇంక నోరు కట్టుకోండి అనేది. పథ్యంలో అన్నట్టే.

గుణుపురం నుంచి:
అమ్మా, ఈ మాట నాకు ముందే తెలిసుంటే బాగుండేది. మామ్మకి షుగరు. చివరి రోజుల్లో కూడా పరగడుపునే వచ్చేది, ఒక ఆదివారం పూజ మధ్యలో బెంచీ మీద వాలిపోయింది, చెమటలు పట్టేశాయి. ముసలివాళ్ళకీ జబ్బుమనుషులకీ వాళ్ళని చూసుకునేవాళ్ళకీ ఆ గంట నియమం కూడా లేదని 1983 నాటి మా తిరుసభ ధర్మశాస్త్రం 919వ సూత్రంలో ఉంది, మందులకైతే ఎవరికీ అడ్డు లేదు. ఇది ఆవిడకి చెప్పకపోలేదు, చెప్పారు. మామ్మా ఉపవాసం గంటకి తగ్గించారు, మీకు అదీ అక్కర్లేదు అని నేనే రెండు మూడుసార్లు చెప్పాను. ఆవిడ ఏమందో తెలుసా, తపస్కాలం ఉపవాసం తగ్గిస్తే తగ్గించుకోనీ, నాది ఉపవాసం కాదురా పరగడుపు అంది. మేం ఒక మాటతో చెప్పాం, ఆవిడ ఇంకో మాటతో బతికింది. పరగడుపు అక్కర్లేదు మామ్మా అని ఆవిడ మాటలోనే చెప్పుంటే వినేదేమో, ఇప్పుడు తలుచుకుంటే చాలా బాధేస్తోంది.

మేనకోడలికి ఇందాకే చెప్పాను, గంట ముందు నుంచి నోరు కట్టుకో, మంచినీళ్ళు తాగొచ్చు అని. వెంటనే అర్థమయ్యింది. మరి చోడంబలి, అదీ తాగేదే కదా అంది. అంబలి అన్నం లెక్కేనమ్మా, పూజయ్యాక తాగుదువులే అన్నాను.