కొండ అల్ట్రా రేసుకు పాత రేసు రుజువు అడగడం న్యాయమేనా?

తిరుచానూరు రన్నర్:
పశ్చిమ కనుమల్లో జరిగే 50 కి.మీ. కొండ అల్ట్రా రేసుకు (అల్ట్రా అంటే మారథాన్ కన్నా పొడుగు రేసు) పేరు ఇద్దామని ఫారం నింపాను. అంతకుముందు 30 కి.మీ. ట్రెయిల్ రేసు, అంటే కొండ, అడవి బాటల మీద జరిగేది, ఒకటి పూర్తి చేసినట్టు రుజువు పెట్టమన్నారు. నా దగ్గర లేదు, ఫారం తిప్పి పంపేశారు. నేను ఉద్యోగస్తుణ్ణి. తెల్లారుజామున రోడ్డు మీద పరిగెత్తుతా, సెలవు దొరికితే తిరుమలకు పోయే శ్రీవారి మెట్టు దారి ఎక్కుతా. 2,388 మెట్లు ఆగకుండా ఎక్కేవాడికి కొండ కొత్తా? అరవై దాటిన అమ్మలు నెత్తిన మూట పెట్టుకుని అలిపిరి నుంచి నడిచి పోతారు, వాళ్లను ఎవరూ సర్టిఫికెట్ అడగలేదే. ఇలాంటి షరతులు పెట్టుకుంటూ పోతే ఈ ఆట పెద్ద ఊళ్లలో ఉండి నెలకో రేసుకు కారేసుకుని పోయేవాళ్లదే అయిపోతుంది. మీరేమంటారు?

చంద్రగిరి కోట:
అన్నా, నీ బాధ అర్థమైంది గానీ నేను రుజువు అడగాల్సిందే అంటాను. శ్రీవారి మెట్టు ఎక్కినాక కిందికి ఎట్ల వస్తావు? బస్సులో. మన తిరుపతోళ్లం చానామందిమి అంతే. ఎక్కడానికి గుండె, ఊపిరి చాలు. దిగడానికి తొడలు కావాల. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒక పక్క సాగుతానే ఇంకో పక్క ఒంటి బరువంతా పట్టి ఆపాల. కండరం లోపల పీచు తెగేది అప్పుడే. అలవాటు లేనోడికి రెండో దిగుడుకే కాళ్లు వణుకుతాయి. ఆ వణికే కాళ్లతో తడి రాళ్ల మీద అడుగు వేస్తే ఏమైతుందో నేను చెప్పక్కర్లేదు.

ఐరోపాలో జరిగే యూటీఎంబీ అనే పెద్ద కొండ రేసునే తీసుకో. మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ 170 కి.మీ. పైన, మొత్తం ఎక్కుడు సుమారు 10,000 మీటర్లు, గడువు 46 గంటల 30 నిమిషాలు. అలిపిరి నుంచి తిరుమలకు మనం ఎక్కేది 700 మీటర్ల దాకా. అంటే అలిపిరి పద్నాలుగు సార్లు ఎక్కి, పద్నాలుగు సార్లూ నడిచే దిగాల. మనలాంటోళ్లకు మధ్యలో రెండు రాత్రులు. 2003లో మొదలైన ఆ రేసుకు ఈరోజు లాటరీలో పేరు వేయాలన్నా ముందు వేరే రేసులు పూర్తి చేసుండాల. అయినా అక్కడ పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. షరతు వాళ్లను ఆపలేదు, ఒక్కో మెట్టే ఎక్కించింది.

మెట్ల దారిలో పైన కప్పు ఉంది, కొళాయి నీళ్లున్నాయి, పిలిస్తే పలికే మనిషి ఉన్నాడు. ట్రెయిల్‌లో రెండు నీటి కేంద్రాల మధ్య 10 కి.మీ. ఎక్కుడు పడితే అది రెండు గంటలు దాటుతుంది. అంతసేపూ నీకేం కావాలన్నా నీ వీపున మోసుకుపోయిందే.

నైట్ డ్యూటీ డాక్టర్:
రుజువు ఉంటే ప్రమాదం తప్పుతుందన్నది నేను పూర్తిగా నమ్మను. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రావిన్సులో 100 కి.మీ. కొండ రేసు జరిగింది. 172 మంది బయల్దేరారు, 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశంలో పేరున్న అల్ట్రా రన్నర్లు ఉన్నారు. ఎత్తైన భాగంలో ఒక్కసారిగా వడగళ్లు, చలివాన, ఈదురుగాలి వచ్చాయి. చాలామంది ఒంటి మీద పల్చటి చొక్కా, నిక్కరు మాత్రమే. గాలిని ఆపే జాకెట్ తప్పనిసరి సామాన్లలో లేదు. ఒక గొర్రెల కాపరి తన గుహలోకి చేర్చి ఆరుగురిని బతికించాడు. ఆ ప్రాణాలు పోయింది అనుభవం లేక కాదు. సరైన ఏర్పాట్లు లేకే పోయాయి. కాబట్టి ముందు రుజువు అడగాల్సింది నిర్వాహకుణ్ణి. మధ్యలో ఎవరైనా పడిపోతే రోడ్డు దాకా ఎలా తెస్తారు? వాతావరణం మారితే రేసు ఆపే మాట ఎవరిది? ఇవి రాసి చూపించమనండి.

రెండు విషయాలు మాత్రం ప్రతి కొత్త రన్నరుకూ చెప్పాలి. దాహం లేకపోయినా ప్రతి కేంద్రంలో ఉత్త నీళ్లు గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి ఫిట్స్. చూసేవాళ్లు నీళ్లు చాలక ఇలా అయ్యాడనుకుని ఇంకా తాగిస్తారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. రెండోది, మోకాలు నొప్పని మధ్యలో ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ మింగడం. నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. అదే సమయంలో దెబ్బతిన్న కండరం నుంచి వచ్చే ప్రొటీను కూడా కిడ్నీ మీదే పడుతుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తే ఇంక పరుగు లేదు, నేరుగా ఆసుపత్రికే. ఈ సంగతి తెలియక మంచి వయసులో ఉన్నవాళ్లు డయాలసిస్ దాకా పోకూడదన్నదే నా తాపత్రయం.

రేణిగుంట జంక్షన్:
నేను ఖర్చు సంగతి మాట్లాడతాను. రుజువు కోసం ఒక రేసు అంటే ఒక ప్రయాణం, ఒక రాత్రి లాడ్జి, ఫీజు, పిల్లల్ని మా అమ్మ దగ్గర వదలడం. అసలు రేసుకు మళ్లీ అదంతా. మగవాళ్లకు ఇది డబ్బుతో పోతుంది. మేము ఇంట్లో రెండుసార్లు అందరినీ ఒప్పించాలి. అందుకే ఆడవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు, నాకు కోపం వచ్చేది దానికే.

నా మాట ఇది. రుజువు తీసేయండి, మొదటి కట్‌ఆఫ్ (దారి మధ్యలో దాటాల్సిన గడువు) గట్టిగా పెట్టండి. మొదటి 15 కి.మీ. ఫలానా టైముకు దాటకపోతే అక్కడే ఆపి జీపులో వెనక్కి పంపండి. ఆ కేంద్రం రోడ్డు పక్కనే ఉండాలి. కాగితం చెప్పలేనిది ఆ రోజు కాళ్లే చెబుతాయి. ఇంకొకటి, తిరుమల దగ్గర శేషాచలం అడవిలోని తుంబురు తీర్థం బాట ఏడాది పొడుగునా తెరిస్తే మనకు ఇక్కడే ప్రాక్టీసు దొరుకుతుంది కదా?

తలకోన బాట:
అక్కా, కట్‌ఆఫ్ మాట బాగుంది గానీ ఆ తుంబురు కోరిక మాత్రం వద్దు. అది జాతీయ ఉద్యానం. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్ చేశారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్లు రాత్రిపూట తిరగతా ఉంటారు. హెడ్‌ల్యాంప్ కట్టుకుని చీకట్లో పరిగెత్తే మనిషిని వాళ్లు ఎవరనుకోవాల? 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే చిరుత ఆరేళ్ల పాపను చంపింది. అంత జనం తిరిగే దారిలోనే అట్ల జరిగితే లోపలి బాట సంగతి ఆలోచించు. అడవిని నేను చిన్నప్పటి నుంచి చూస్తా ఉండా. అది మన గ్రౌండు కాదు, అక్కడ ఉండే జీవాల ఇల్లు.

తిరుచానూరు అన్నకు కూడా ఒక మాట. తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమికి దేవస్థానం జనాన్ని వదుల్తుంది. పాపవినాశనం దగ్గర నుంచి నడక. అన్నం, మజ్జిగ, వైద్యం అన్నీ ఏర్పాటు చేసి కూడా గుండె జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నోళ్లు రావద్దని ముందే చెప్తారు. దేవుడి దారిలో కూడా వడపోత ఉండాది.

తిరుచానూరు రన్నర్:
దిగుడు మాట, నిర్వాహకుణ్ణి అడగాలన్న మాట రెండూ తీసుకున్నాను. కానీ రుజువు వైపు నా మనసు ఇంకా పోలేదు. రేణిగుంట అక్క చెప్పిన కట్‌ఆఫ్ పద్ధతే అందరికీ సమానం. ఇకమీదట అలిపిరి ఎక్కి నడిచే దిగుతా.

చంద్రగిరి కోట:
నడువు, పరిగెత్తొద్దు. ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తా ఉంటారు, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్యలో నుంచి దూకుతా దిగడం తప్పు, అది మన శిక్షణ కన్నా పెద్ద విషయం. పరిగెత్తి దిగాలంటే హార్సిలీ హిల్స్ రోడ్డుకు పో.

కట్‌ఆఫ్‌కు మాత్రం నేను ఒప్పుకోను. ఆపేస్తారన్న భయంతోనే కొత్తోడు మొదటి 15 కి.మీ. తన శక్తికి మించి ఉరుకుతాడు. గడువులో దాటేస్తాడు. తర్వాత కొండ మధ్యలో, జీపు రాని చోట కూలబడతాడు. కట్‌ఆఫ్ నిదానంగా పోయేవాణ్ణి పట్టుకుంటుంది. ప్రమాదం తొందరపడేవాడికి కదా?

నైట్ డ్యూటీ డాక్టర్:
అందుకే గడియారం ఒక్కటే చాలదు. ప్రతి కేంద్రంలో మనిషిని నిలబెట్టి పేరు, ఊరు, తర్వాతి కేంద్రం ఎంత దూరమో అడగాలి. తడబడినా, తిన్నది కడుపులో నిలవకపోయినా చొక్కాకు తగిలించిన రేసు నంబరు (బిబ్) తీసేసుకుని అక్కడే ఆపేయాలి. ఆ అధికారం అక్కడున్న వైద్య సిబ్బందికే ఉండాలి, రేసు డైరెక్టరుకు ఫోన్ చేసి అడిగే పని ఉండకూడదు. గడువుకు ఎంత ముందున్నా సరే, బతిమాలినా సరే.

రేణిగుంట జంక్షన్:
ఆ మాట నిబంధనల్లో రాతపూర్వకంగా పెట్టి, పాత రుజువు అడగని రేసు ఏదైనా మీకు తెలిస్తే ఇక్కడ చెప్పండి. నా ఫీజు దానికే కడతాను.