క్రిస్టల్ ఫిల్టర్ దగ్గరే సిగ్నల్ పడిపోతోంది, నాలుగు క్రిస్టల్స్ పీకేయాల్సిందేనా?

ఓరుగల్లు 40 మీటర్లు:

అందరికీ నమస్తే. నాది హనుమకొండ. రెండేళ్ల కింద హ్యామ్ రేడియో డిజైనర్ అష్హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ అనే సెట్ డిజైన్ చూసి 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) ఎస్‌ఎస్‌బీ (ఒకే సైడ్‌బ్యాండ్ మీద మాట పంపే పద్ధతి) రిగ్, అంటే వినడానికీ మాట్లాడటానికీ పనికొచ్చే రేడియో సెట్, ఒకటి నా చేత్తో కట్టుకున్నాను. ఐఎఫ్ (సిగ్నల్‌ను లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) 12 మెగాహెర్ట్జ్, కావాల్సిన స్టేషన్‌ను మాత్రమే వదిలే ఫిల్టర్ నాలుగు క్రిస్టల్స్ వరుసగా పెట్టిన లాడర్ రకం, వాటి మధ్య నుంచి గ్రౌండ్‌కు 100 పీఎఫ్ కెపాసిటర్లు, వీఎఫ్ఓ (స్టేషన్ మార్చడానికి తిప్పే ఆసిలేటర్) 5 మెగాహెర్ట్జ్‌కు కొంచెం కింద. మొన్న సద్దుల బతుకమ్మకు పరకాల పోతూ రిగ్ కూడా బ్యాగులో పెట్టుకొని పోయాను. అక్కడ చింతచెట్టుకు డైపోల్ (తీగ యాంటెన్నా) కట్టి రెండు రోజులు మస్తు మాట్లాడాను. తిరిగి వచ్చాక ఇంటి ముందు బండికి స్టాండ్ వేస్తుంటే బ్యాగు జారి గచ్చు మీద పడింది. అప్పటి నుంచి రిగ్ దాదాపు మూగబోయింది.

స్టేషన్లు డయల్ మీద ఉన్నచోటే ఉన్నాయి, గొంతులు కూడా మామూలుగానే ఉన్నాయి, కానీ వాల్యూమ్ చివరి దాకా తిప్పి హెడ్‌ఫోన్ పెట్టుకుంటేనే లీలగా వినిపిస్తున్నాయి. ఆడియో సెక్షన్ బాగానే ఉంది, వాల్యూమ్ కంట్రోల్ కాలు వేలితో ముడితే బుయ్యిమంటోంది. స్నేహితుడి దగ్గర నానోవీఎన్‌ఏ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత దాటుతుందో గీత గీసి చూపే చిన్న మీటర్) తెచ్చి ఫిల్టర్ రెండు కొసలకు కలిపి 1 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా వరుసగా స్వీప్ చేశాను, గీత అడుగునే పడుకుంది, ఎక్కడా లేవలేదు. అంటే ఫిల్టర్ మొత్తం పోయినట్టే కదా? వచ్చే వారం హైదరాబాద్ పోయి కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు కొత్త క్రిస్టల్స్ తెచ్చి వేసేద్దామనుకుంటున్నా. కట్టడానికి మూడు నెలలు పట్టిన రిగ్, పీకేటప్పుడు బోర్డు మీద రాగి లేచిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

కాజీపేట జంక్షన్:

తమ్మీ, సోల్డరింగ్ ఐరన్ జర పక్కన పెట్టు. ముందు ఒకటి చెప్పు, ట్రాన్స్‌మిట్ పవర్ కూడా తగ్గిందా? బిట్‌ఎక్స్‌లో ఉన్న గొప్ప సుఖం అదే, వినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ సిగ్నల్ ఒకే ఫిల్టర్‌లోంచి పోతుంది, కాకపోతే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. రిసీవ్ ఒక్కటే పడిపోయి ట్రాన్స్‌మిట్ బాగుంటే ఫిల్టర్‌ను అసలు ముట్టుకోకు, రిసీవ్ వైపు ట్రాన్సిస్టర్లు చూడు. రెండూ పడిపోతేనే ఫిల్టర్ మీద అనుమానం, అప్పుడు కూడా మిక్సర్ డయోడ్లు, ఆసిలేటర్లు రెండింటికీ ఉమ్మడివే అని మర్చిపోకు.

గొంతులు మామూలుగానే ఉన్నాయన్నావు కాబట్టి బీఎఫ్ఓ (ఐఎఫ్ సిగ్నల్‌ను మళ్లీ మాటగా మార్చడానికి వాడే ఆసిలేటర్) పక్కకు జరగలేదు. అది జరిగితే మాట పలచగా కీచుమని గానీ, కుండలో మాట్లాడినట్టు గానీ వస్తుంది.

ఇప్పుడు ఐదు నిమిషాల పరీక్ష చెప్తా. 10 నానోఫ్యారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి తీసుకొని కాళ్లు పొడుగ్గా ఉంచు. యాంటెన్నా పెట్టి, రిగ్ ఆన్‌లో ఉండగానే దాన్ని ఫిల్టర్ ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు ఆనించు. 12 మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డు ఓమున్నర కూడా ఉండదు, అంటే ఫిల్టర్‌ను పక్కన పెట్టి సిగ్నల్‌కు వేరే దారి వేసినట్టే. నాయిస్ ఒక్కసారిగా ఎగిసి, పక్కపక్క స్టేషన్లన్నీ కలగాపులగంగా వినపడితే మిగతా రిగ్ అంతా బాగున్నట్టు, తప్పు ఫిల్టర్‌లోనే. ఏమీ మారకపోతే ఫిల్టర్ అమాయకురాలు. తప్పు ఫిల్టర్‌దే అని తేలాక అదే కెపాసిటర్‌ను ఒక్కో క్రిస్టల్ రెండు కాళ్ల మీద విడివిడిగా ఆనించు. మంచి క్రిస్టల్ మీద పెడితే శబ్దం కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. చచ్చినదాని మీద పెట్టినప్పుడు మాత్రం రిగ్ లేచి కూర్చుంటుంది.

మా ఇల్లు రైల్వే లైను పక్కనే, ఆ 25 కిలోవోల్ట్‌ల తీగల చిటపట రోజంతా ఉంటుంది. మాట్లాడటానికి నరకం గానీ ఇలాంటి పరీక్షలకు దానికి మించిన సిగ్నల్ జనరేటర్ లేదు, బ్యాండ్ మొత్తం సమానంగా ఉంటుంది. నీకు ఆ నాయిస్ లేకపోతే పొద్దున పూట, బ్యాండ్ నిండుగా ఉన్నప్పుడు చూడు.

గోదావరిఖని 12 వోల్టులు:

కాజీపేట అన్న చెప్పినదానికి తిరుగులేదు. నేను ఆ స్వీప్ గురించి చెప్తా, ఎందుకంటే నేనూ మొదట్లో అదే చేసి బంగారంలాంటి ఫిల్టర్‌ను పారేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మామూలు నానోవీఎన్‌ఏ ఒక స్వీప్‌లో 101 చోట్ల కొలుస్తుంది. 1 నుంచి 30 దాకా పెడితే ఒక చోటికీ ఇంకో చోటికీ 290 కిలోహెర్ట్జ్ దూరం. నీ ఫిల్టర్ వెడల్పు రెండు మూడు కిలోహెర్ట్జ్. అంటే అది ఫిల్టర్ మీద కాలు పెట్టకుండానే దాటిపోయింది. ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా ఆ గీత అడుగునే ఉంటుంది. సెంటర్ 12 మెగాహెర్ట్జ్, స్పాన్ (కొలిచే మొత్తం వెడల్పు) 20 కిలోహెర్ట్జ్ పెట్టి, ఆ స్పాన్‌లోనే మళ్లీ కాలిబ్రేషన్ చేసి చూడు. శిఖరం 12కు కొంచెం కింద కనిపిస్తుంది.

ఇంకోటి, నానోవీఎన్‌ఏ రెండు వైపులా 50 ఓములు, ఇలాంటి ఫిల్టర్ కోరుకునేది సుమారు 200. నేరుగా కలిపితే శిఖరం మీద గుంటలు గుంటలుగా కనిపించి ఫిల్టర్ పాడైందనిపిస్తుంది. రెండు వైపులా 150 ఓముల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టు, అప్పుడు ఫిల్టర్‌కు అటూ ఇటూ 200 కనిపిస్తాయి. ఆ రెసిస్టర్లే 12 డీబీ తినేస్తాయి కాబట్టి స్క్రీన్ మీద మైనస్ 15 వస్తే ఫిల్టర్ నష్టం 3 డీబీయే. నాలుగు క్రిస్టల్స్‌కు అది మంచి లెక్క. ఫిల్టర్ రెండు కొసలనూ బోర్డు నుంచి విడదీసి కొలువు, లేకపోతే పక్క స్టేజీలు కూడా లెక్కలో కలుస్తాయి.

ఓరుగల్లు 40 మీటర్లు:

అన్నలకు చాలా చాలా థాంక్స్. పొద్దున ఆరింటికి కూర్చున్నా. ట్రాన్స్‌మిట్ కూడా పడిపోయింది, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద ఐదారు వాట్లు వచ్చేది, ఇప్పుడు మీటర్ ముల్లు కదలడం లేదు. ఫిల్టర్ మొత్తానికి కెపాసిటర్ ఆనించగానే నాయిస్ ఎంత గట్టిగా వచ్చిందంటే హెడ్‌ఫోన్ తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఒక్కోటి చూశా. మొదటిది, రెండోది, నాలుగోది ముట్టుకుంటే ఏమీ లేదు. మూడోదాని మీద పెట్టగానే ఎవరో హిందీలో మాట్లాడుతున్నది స్పష్టంగా వినపడింది. ఆ మూడోది తీసి చెవి దగ్గర ఊపితే లోపల సన్నగా గలగలమంది.

రెండు సందేహాలు. క్రిస్టల్ విరిగితే సిగ్నల్ పూర్తిగా ఆగిపోవాలి కదా, లీలగానైనా ఎలా వినిపించింది? ఇప్పుడు ఏదో ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తెచ్చి అక్కడ వేసేయొచ్చా?

మానేరు తీరం:

కరీంనగర్ నుంచి రాస్తున్నా బాబూ. ముందు మొదటి సందేహం. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌లో ఉండే క్వార్ట్జ్ బిళ్ల మందం సుమారు 0.14 మిల్లీమీటర్లు, అందుకే గచ్చు మీద పడ్డ దెబ్బకు తట్టుకోలేదు. బిళ్ల విరిగి కంపించడం ఆగిపోయినా దాని రెండు వైపులా ఉన్న లోహపు పూత, కాళ్లు, డబ్బా అన్నీ కలిసి మూడు నాలుగు పీఎఫ్ కెపాసిటర్‌లాగా మిగిలిపోతాయి. 4 పీఎఫ్ అంటే 12 మెగాహెర్ట్జ్ దగ్గర 3300 ఓముల అడ్డు. పక్కనే 100 పీఎఫ్ కెపాసిటర్ 133 ఓములతో భూమికి లాగేస్తోంది. అందుకే ఎక్కువ భాగం అక్కడే పోయి, మిగిలిన పిసరు నీ చెవికి చేరింది. మిగతా మూడూ బాగున్నాయి కాబట్టి గొంతులు మారలేదు.

రెండోదానికి జవాబు, వద్దు. ఏదో ఒకటి వేయకు. 12 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నా 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) తేడా అంటే 360 హెర్ట్జ్ అటూ ఇటూ ఉండొచ్చు. కంప్యూటర్ బోర్డుకు అది లెక్కే కాదు గానీ 2 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌లో ఒక క్రిస్టల్ మూడు వందల హెర్ట్జ్ పక్కకు నిలబడితే శిఖరం ఒరిగిపోతుంది, నష్టం పెరుగుతుంది. నువ్వు కట్టినప్పుడు కొన్నవాటిలో మిగిలినవి ఉన్నాయా? ఉంటే అవే వెతుకు. ఒకే ట్రాన్సిస్టర్ ఆసిలేటర్‌లో ఒక్కోటి పెట్టి ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో కొలువు. ఉన్న మూడింటిలో ఒకదాన్ని కూడా తీసి అదే ఆసిలేటర్‌లో కొలవాలి, లేకపోతే పోల్చడానికి ఆధారం ఉండదు. తేడా 50 హెర్ట్జ్ లోపల ఉంటే వేసేయ్. వేళ్లతో పట్టుకున్న వేడికే అంకెలు కదులుతాయి, కాబట్టి పెట్టాక కొన్ని నిమిషాలు ఆగు. డబ్బా పొట్టిగా ఉండే రకం దొరికితే తీసుకోకు, పొడుగువాటితో పోలిస్తే లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, మిగతా గుణాలు కూడా కలవవు.

డబ్బాను గ్రౌండ్‌కు కలిపేటప్పుడు ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనించొద్దు. నేను అలా వేడెక్కించి రెండు పాడు చేసుకున్నా. చేతిలో పని ఉన్నప్పుడే ఆ 100 పీఎఫ్ కెపాసిటర్లు కూడా చూడు, ఎన్‌పీఓ (వేడికి విలువ మారని) రకం కాకపోతే మార్చెయ్. మామూలు డిస్క్ సిరామిక్ అయితే మే నెల ఎండలకు విలువ మారిపోతుంది, పైగా కొంత సిగ్నల్‌ను అదే మింగుతుంది.

ఓరుగల్లు 40 మీటర్లు:

సార్, అప్పుడు కొన్న ప్యాకెట్ ఇనుప డబ్బాలో దొరికింది, ఆరు మిగిలి ఉన్నాయి. రెండో క్రిస్టల్‌ను తీసి దానితో పోలిస్తే ఒకటి 30 హెర్ట్జ్ తేడాతో వచ్చింది, మిగతావి వందకు పైనే. దాన్నే వేశా. ఈసారి సెంటర్ 12, స్పాన్ 20 కిలోహెర్ట్జ్, రెండు వైపులా 150 ఓములు పెట్టి చూస్తే శిఖరం మీద మైనస్ 15.5. అంటే నష్టం మూడున్నర డీబీ. డమ్మీ లోడ్ మీద ఐదు వాట్లు తిరిగొచ్చాయి. కెపాసిటర్లు చూశా, అన్నీ ఎన్‌పీఓలే.

పాతది తీసేటప్పుడు ఒకటి గమనించా, ఆ మూడోదాన్ని మాత్రం నేను కాళ్లు పొడుగ్గా వదిలేసి, డబ్బాకు గ్రౌండ్ తీగ వేయకుండా బిగించాను. మిగతా మూడూ బోర్డుకు ఆనుకొని ఉన్నాయి. ఇప్పుడు దీన్నీ ఆనించి, సన్నటి తీగతో కట్టేశాను. పెట్టె లోపల నాలుగు మూలలా ఫోమ్ పెడుతున్నా. సంక్రాంతికి మళ్లీ పరకాల పోతాను, డైపోల్ తీగ ఇంకా ఆ చింతచెట్టు మీదే ఉంది.