అప్‌డేట్: చెక్క దిమ్మలు ముట్టని రెండేళ్ల పాప

బటన్ నొక్కితే పాడే బొమ్మలు తప్ప పాప చెక్క దిమ్మల జోలికే పోవట్లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది: 40 దిమ్మల డబ్బా దాచేసి ఆరు మాత్రమే నేల మీద పెట్టి, రెండు పేర్చి ఆపేయడం. మూడోది తనే పెట్టింది. కుప్పగా ఉంటే ఈ వయసులో గుమ్మరించడమే ఆట! పాడే బొమ్మలకు బ్యాటరీలు తీసేశాం, అవీ మామూలు బొమ్మలైపోయాయి. కొత్త రంగు దిమ్మల సెట్ కొనడం మాత్రం దండగ.

పిల్లల డాక్టరు వినికిడి, మాటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయన్నారు. ఒక్క జాగ్రత్త చెప్పారు: బటన్ సెల్ (నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ) ఉన్న బొమ్మ మూతకు స్క్రూ లేకపోతే ఇవ్వొద్దు. సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. చూస్తే మా దాంట్లో స్క్రూ వదులుగానే ఉంది, బిగించాం.