ఆకులు రాలిన పొద: కొడిశపాలనా, అంకుడా?

నల్లమల_బాట:
అన్నలూ అక్కలూ ఒక డౌట్. మన్ననూరు నుంచి ఫరహాబాద్ పోయే దారి పక్కన ఎండాకాలం మొదట్ల మనిషి కంటె కొంచెం ఎత్తు పొదలు చూసిన, ఆకులు మొత్తం రాలినయి, కొమ్మ కొన తుంచితే తెల్లటి పాలు, పైన ఎండుకాయలు జంటలు జంటలుగ ఏలాడుతున్నయి. మాతోని వచ్చినోళ్లల్ల ఒకాయన కొడిశపాల అంటడు ఇంకొకాయన అంకుడు అంటడు, యాప్‌ల ఫోటో పెడితే ఒక్కోసారి ఒక్కో పేరు చూపెడ్తది. ఆకు పువ్వు లేని టైంల ఎట్ల గుర్తుపట్టాలె?

ఏటికొప్పాక_వైపు:
పాలు చూసి డిసైడ్ అవ్వకండి, రెండూ గన్నేరు కుటుంబమే, రెండిటికీ పాలొస్తాయి, ఆకులూ ఎదురెదురుగానే పుడతాయి కాబట్టి కొమ్మ మీద మచ్చలు చూసినా తేలదు. కాయలున్నాయన్నారు కదా, అవి చూడండి. కొడిశపాల కాయలు సన్నగా జానెడు దాటి పొడుగుంటాయి, జంటలో దేనికది విడిగా వేలాడుతుంది. అంకుడుకైతే రెండు కాయలూ కింద కొన దగ్గర అతుక్కుని మధ్యలో సందు ఉంటుంది, బాగా ఎండాక ఆ కొన ఊడిపోయి పగులుతాయి. అందుకే పగిలిన కాయ చూసి చెప్పేయొద్దు, పొదంతా వెతికి పగలని జంట పట్టుకోండి. మా ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే అండీ, తెల్లగా, మెత్తగా, తరిణి మీద తిప్పి చెక్కడానికి హాయిగా ఉంటుంది, అందుకే మాకీ చెట్టంటే ప్రాణం.

మూలిక_అక్క:
వీలైతే పూలప్పుడు మళ్లీ వెళ్లి చూడు తమ్ముడూ, అసలు అనుమానమే ఉండదు. రెండూ తెల్లపూలే, మంచి వాసనే, కానీ అంకుడు పువ్వు నడుమ సన్నటి తెల్లపోగుల కుచ్చు ఉంటుంది, కేసరాలు బయటికి మొనలా పొడుచుకొస్తాయి. కొడిశపాల పువ్వులో కుచ్చు లేదు, కేసరాలు గొట్టంలోనే దాక్కుంటాయి. ఆకు వచ్చాక చూస్తే కొడిశపాలది పెద్దది, ఈనెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అంకుడు ఆకు చిన్నది, పూర్వం దాన్నుంచి నీలిరంగు తీసేవాళ్లు.
ఇంకోమాట, ఆయుర్వేదంలో కుటజం అని విరేచనాలు తగ్గడానికి వాడేది కొడిశపాల చెక్క, అంటే బెరడు, దాన్లో అంకుడు చెక్క కలిపి అమ్మడం పాతకాలం నుంచీ ఉంది. కొడిశపాల చెక్క కటిక చేదు, అంకుడుది అంత ఉండదు. అలాగని అడవిలో చెక్క చెక్కి రుచి చూడకండి ప్లీజ్, చుట్టూ బెరడు తీస్తే ఆ కొమ్మ చచ్చిపోతుంది, పైగా అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

నల్లమల_బాట:
అక్కా చాలా థాంక్స్, చెక్క జోలికి అస్సలు పోను. ఫోటో జూమ్ చేసి చూసిన, ఒక జంటకి కొనలు అతుక్కునే ఉన్నయి. అంకుడు అని రాసుకోవచ్చా?

ఏటికొప్పాక_వైపు:
ఆ పొదకి రాసుకోండి. పక్కపొదకి మాత్రం దాని కాయ చూశాకే రాయండి, ఈ రెండూ ఒకే గుట్ట మీద పక్కపక్కనే పెరుగుతాయి.