అప్‌డేట్: తబరీ ఒకే సంఘటనను మూడు రకాలుగా ఎందుకు రాశాడు?

పోయిన నెల నేనడిగింది ఇదే: మధ్యయుగపు ముస్లిం చరిత్రకారుడు అల్-తబరీ తాను రాసిన చరిత్ర గ్రంథంలో ఒకే సంఘటనకు రెండు మూడు కథనాలు ఇస్తాడు, ఇందులో ఆయన మాట ఏది అని. జవాబు ఇచ్చినవాళ్లకు థాంక్స్. ముందుమాట వదిలేసి నేరుగా యుద్ధాల్లోకి దూకడం నా తప్పే.

ఆ ముందుమాటలోనే చెప్పేశాడు మహానుభావుడు: ఇందులో మీకు మింగుడుపడనిది కనిపిస్తే అది నా కల్పన కాదు, నాకు చెప్పినవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది, విన్నది విన్నట్టు రాశాను అని. అందుకే ప్రతి కథనం ముందూ 'ఫలానావారు ఫలానావారి నుంచి విని చెప్పారు' అనే పేర్ల గొలుసు. దాన్ని ఇస్నాద్ అంటారు. ఇన్నాళ్లూ నేను విసుగొచ్చి దాటేసింది సరిగ్గా ఆ లైన్లనే!

ఆయన సొంత అభిప్రాయం కావాలంటే ఖురాన్ వ్యాఖ్యానం (తఫ్సీర్) చూడమన్నారు కదా, చూశాను. అక్కడ కూడా ముందు అందరి మాటలూ పేర్చుతాడు. తర్వాత 'అబూ జాఫర్ అన్నాడు' అని తన పేరే చెప్పుకుని, వీటిలో సరైనదానికి దగ్గరగా ఉన్నది ఇదీ అని తేలుస్తాడు.

839లో ఇప్పటి ఇరాన్‌లోని ఆముల్‌లో పుట్టి, 923లో బాగ్దాద్‌లో పోయాడు. చరిత్ర ఇంగ్లీషు అనువాదమే సూచికతో కలిపి 40 సంపుటాలు. నేనింకా రెండోదాంట్లోనే ఉన్నాను.