బాలింతకు 104 బండి సరిపోతుందా? మీ ఊళ్లో ఎలా ఉంది?

మన్యం అక్క:
మా చెల్లికి ఆపరేషన్ కాన్పు అయి ఇవాళ్టికి పన్నెండో రోజు. ఊరు పాడేరు కొండల్లో. డిశ్చార్జి రోజు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటిదాకా దింపారు, అంతవరకు బాగానే ఉంది. నిన్నటి నుంచి కుట్ల దగ్గర చెమ్మగా ఉందంటోంది. 104 బండి మళ్లీ వచ్చే గురువారమే. అందాకా ఆగొచ్చా?

ఆశా కార్యకర్త:
ఆగొద్దమ్మా. 104 తారీఖు ప్రకారం తిరిగే బండి. బీపీ, షుగర్, రక్తం చూసి మందులిస్తుంది. చీము, జ్వరం, వాసనొచ్చే మైల (కాన్పు తర్వాత అయ్యే స్రావం), ఎక్కువ రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి చెయ్యండి. ఆసుపత్రి కాన్పైతే మేం 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్తాం, ఆపరేషనైతే ఏడో రోజు నుంచి మొదలు. మీ ఆశా వచ్చిందా?

మన్యం అక్క:
ఏడో రోజున వచ్చింది. అప్పటికి కుట్లు పొడిగానే ఉన్నాయి.

గోదారి గట్టు:
మా ఊళ్లో బండి వస్తుంది, బాలింతే రాదు! రామాలయం దగ్గర ఆగుతుంది. ఇరవయ్యొకటో రోజు స్నానం కాకుండా గడప దాటనివ్వరు మా అత్తగారు. పోయినసారి నర్సమ్మే పురిటి గదిలోకి వచ్చి చూస్తే నాకు బీపీ 150 దాటింది. కాళ్ల వాపు, తలనొప్పి చూసి ఇంట్లోవాళ్లు వాతమనుకున్నారు. కాన్పయ్యాక కూడా బీపీ పెరుగుతుందని, ముదిరితే ఫిట్స్ వస్తాయని అప్పుడే తెలిసింది. పథ్యమని మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చేవారు, అది వేరే కథ.

కరీంనగర్ అమ్మ:
మా పాప పుట్టినప్పుడు 2 కిలోల 100 గ్రాములే. ఆశక్క వచ్చినప్పుడల్లా వేలాడే కాటాలో తూచి, రొమ్ము మీద చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టుకొమ్మన్నది. మా అమ్మకు నచ్చలే, పొత్తిగుడ్డలున్నయి గదా అన్నది. ఒళ్లు చల్లబడుడు తగ్గి పాలు పట్టింది, ఇగ అమ్మ మాట్లాడలే. అరికాళ్లు పచ్చబడ్డా, పాలు పట్టుకోకున్నా, ఊపిరి నిమిషానికి 60 దాటినా ఏ బండి కోసమూ చూడొద్దని గట్టిగ చెప్పింది.

కొండదారి:
108 ఎక్కలేని దారైతే మీ ఏఎన్‌ఎంని ఫీడర్ అంబులెన్స్ అడగండి, బైక్‌కి తొట్టి కట్టినట్టుంటుంది. మా ఊరికి అదీ రాదు, వానాకాలం ఇప్పటికీ డోలీయే. అలాంటి ఊళ్లో బాలింతను బండి దగ్గరికి రమ్మనడమే తప్పు లెక్క. నర్సు నడిచి రావాలి.

మన్యం అక్క:
రాత్రే తీసుకెళ్లాం. రోడ్డుదాకా ఫీడర్ బండి, అక్కణ్నుంచి 108. కుట్లలో చీము పట్టిందట, శుభ్రం చేసి కట్టు కట్టారు, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. బిడ్డ తల్లి దగ్గరే ఉంది, పాలు మాన్పించలేదు. గురువారం 104 వాళ్లకి చూపించడానికి కార్డు, చీటీలు సంచిలో పెట్టాను. ఈసారి బండి దగ్గరికి నేను వెళ్లి నర్సమ్మను ఇంటికి పిలుచుకొస్తా.