టూల్ సున్నా చూపిస్తే ఆ మాట రాయకూడదా? (బరంపురం పట్టు సైటు)

పట్టుకొట్టు_బరంపురం: మాది ఒడిశా బరంపురంలో పట్టుచీరలు, జోడాల (మగవాళ్లు కట్టే పట్టు జత) కొట్టు. సైటు పెట్టి ఏడాది దాటింది. మా తమ్ముడి కొడుకు గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో (ఏ మాటని ఎందరు వెతుకుతున్నారో చూపే టూల్) చూసి "పెదనాన్నా, తెలుగు మాటలకి సెర్చే లేదు" అని తెలుగు పేజీ తీసేశాడు. ఇప్పుడంతా ఇంగ్లీషే. అయినా సైటు పైకి రాలేదు. వాడు చేసింది సబబేనా?

రాయగడ_సైట్లు: ముమ్మాటికీ సబబే. జనం ఏ మాటతో వెతుకుతున్నారో చూడకుండా రాయడమంటే సంత లేని రోజు బండి కట్టడం. నేను తినే తిండే ఈ పని.

పర్లాకిమిడి_పెంకె: ఆ టూల్ ఏం చూపిస్తుందో కూడా చెప్పండి మరి. ప్రకటనలకి డబ్బు కట్టనోడికి ప్లానర్ నెలకి "100 నుంచి 1000" అంటుంది. 110 అయినా అదే, 900 అయినా అదే. ఇంకోటి, బరంపురం పేరు ఇంగ్లీషులో చివర యూఆర్. ఓఆర్‌ఈ అని వేస్తే బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా ఊరు. అక్కడా పట్టే! దగ్గర దగ్గర స్పెల్లింగులన్నీ ప్లానర్ ఒక్క కుప్పలో వేస్తే అందులో మనవాళ్లెందరు?

రాయగడ_సైట్లు: సర్కారీ పేరు బ్రహ్మపుర ఉందిగా, అది వాడండి.

పర్లాకిమిడి_పెంకె: ఏటండీ, ఆయన అడిగింది తెలుగు పేజీ గురించి! నేనూ ఒక ఏజెన్సీకి 15 వేలు పోశాను. మా కొమ్ము బొమ్మల పేజీలో పేరా పేరాకీ "కొమ్ము దువ్వెన" అని ఇరికించారు. పైగా పేజీలో పైకి కనపడని మెటా కీవర్డ్స్ ట్యాగులో అరవై మాటలు. ర్యాంకింగుకి ఆ ట్యాగు చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది!

రాయగడ_సైట్లు: కొలిచినోడి చెయ్యి మోసమైతే కుంచానిదా తప్పు?

అప్పడం99: అప్పడాల సైటు పెట్టండి, ఇంత చదువక్కర్లేదు.

ఛత్రపురం_చెల్లి: సెర్చ్ కన్సోల్ చూశారా బాబాయ్? మీ సైటుకి నిజంగా తగిలిన మాటలు అందులో ఉంటాయి.

పట్టుకొట్టు_బరంపురం: చూపించాడమ్మా. మూడు నెలల్లో తెలుగు మాట ఒక్కటీ లేదు.

ఛత్రపురం_చెల్లి: పేజీయే తీసేస్తే తెలుగులో వెతికినోళ్లకి మీ సైటు ఎలా కనపడుతుంది? కనపడందే కన్సోల్లోకి ఎక్కదు. తేదీ వెనక్కి జరపండి, 16 నెలల దాకా ఉంటుంది.

పట్టుకొట్టు_బరంపురం: జరిపాం. "బరంపురం పట్టు పంచె", "ఒడుగు జోడా". రెండు క్లిక్కులు.

రాయగడ_సైట్లు: చూశారా! రెండు క్లిక్కులకి ఓ పేజీయా?

పట్టుకొట్టు_బరంపురం: అందులో ఒకటి టెక్కలి పెద్దావిడది కాబోలు. మనవడి ఒడుగుకి ఫొడాకుంభ జోడా, అంచు మెట్లు మెట్లుగా గుడి గోపురంలా ఉండేదే కావాలని ఫోన్ చేసింది. వచ్చి రెండు జోడాలు, ఓ చీర పట్టికెళ్లింది.

రాయగడ_సైట్లు: ఒక్క పెద్దావిడతో కొట్టు నడవదు. ఒడిశాలో ఉంటూ ఒరియా పేజీ ఏదని ఎవరూ అడగరే? మా పిల్లలు ఒరియా మీడియం.

పర్లాకిమిడి_పెంకె: మీకు తెలుగు బరువైంది. అందుకే సున్నా కనపడితే సంబరం.

రాయగడ_సైట్లు: మర్యాదగా మాట్లాడండి! 1936లో ఒడిశాని వేరు చేసి గీత గీసినప్పుడు మా తాత ఇక్కడే ఉన్నాడు, మేమూ ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగే. బళ్లో లేకపోతే నేనేం చెయ్యను?

పట్టుకొట్టు_బరంపురం: ఆగండి బాబూ. రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. టూల్ సున్నా చూపించిన మాట నిజమే గాని, పేజీ తీసింది అందుకు కాదు. వాడికి తెలుగు చదవడం రాదు. ధరలు మార్చినప్పుడు ఏ చీర ఏ వరసలో ఉందో తెలీక, జోడా ధర చీరకి వేసి ఒకావిడ చేత మాట పడ్డాడు. నాకు చెప్పడానికి సిగ్గేసి టూల్ మీదకి తోశాడు.

రాయగడ_సైట్లు: మావాడూ అంతేనండి. కాగితం మీద రాసి ఫొటో పంపండి, నేను టైపు చేసిస్తాను. డబ్బులొద్దు. కాని టైటిల్లో గంజాం జిల్లా అని ఉండాల్సిందే, ముర్షిదాబాద్ పట్టు కావాల్సినోళ్లు రాకుండా.

పర్లాకిమిడి_పెంకె: తెలుగులో వెతికే ముర్షిదాబాద్ వాడెవడండీ?

రాయగడ_సైట్లు: టూల్లో చూసి చెప్తా.